గుమ్మం పక్క బల్ల

హెసింగమ్, నార్ఫోక్
1868 ఫిబ్రవరి 10

సైలస్‌కి,

నీ ఉత్తరం అందింది. నా రాత ఎలా ఉంటుందో నీకు తెలుసు. ఆదివారం బడిలో బైబిలు చదవడం వరకే నేర్పారు. రాయడం నా అంతట నేనే నేర్చుకున్నాను. వంకరగా ఉంటే నువ్వే తల వంచి చదువుకో. కేంబ్రిడ్జిలో చదివినవాడివి, ఆ మాత్రం చేయలేవా.

మన వంశం గురించి రాయమన్నావు. మీ కేథడ్రల్ పాదిరి వెదర్లీగారు అడిగారన్నావు. ఎవరి సమాధి మీద ఏ పేరుందో చూసుకుంటూ తిరగడం ఆయనకు సరదా అన్నావు. సరే, రాస్తున్నాను. మా తాత రెల్లు కోసేవాడు. చలికాలమంతా బురద నీళ్ళలో నిలబడి కోసేవాడు. కాళ్ళు చీము పట్టి పోయాడు. మా నాన్న ఆ రెల్లుతో ఇళ్ళకు కప్పులు వేసేవాడు. నేనూ అదే. ఈ చుట్టుపక్కల వాన పడితే తడవకుండా పడుకునేవాళ్ళలో సగం మంది మన చేతి కింద పడుకుంటున్నారు. అది రాయి ఆయనకి.

మా అమ్మ డోర్కస్ గురించి నీకు తెలియదు. చర్చివాళ్ళు శిక్ష వేస్తే ఆవిడ తెల్ల దుప్పటి కప్పుకుని, చేతిలో కొవ్వొత్తితో, చర్చిలో అందరి ముందూ నిలబడి క్షమాపణ చెప్పింది. ఎందుకంటే చర్చి పెద్ద పెళ్ళాన్ని పట్టుకుని పాలలో నీళ్ళు పోసే దొంగముండ అంది. అన్నది తప్పని చెప్పమంటే చెప్పింది. దుప్పటి మడిచి ఇచ్చేస్తూ, "పాలు మాత్రం ఇంకా నీళ్ళగానే ఉన్నాయి" అని కూడా చెప్పింది. అప్పటికి నేను ఆవిడ కొంగు పట్టుకుని ఉన్నానట.

అంతే మన చరిత్ర. గొప్పవాళ్ళెవరూ లేరు. ఒక్క సంగతి మాత్రం ఉంది. మన ఇంట్లో ఎవరూ ఊరి ధర్మం తినలేదు. మీ అమ్మ కెజియా మంచాన పడినప్పుడు బీదల పద్దు చూసే ఆసామి గుమ్మంలోకి వచ్చి, వారం వారం రొట్టె ఇప్పిస్తానన్నాడు. మీ అమ్మ మాట్లాడలేని స్థితిలో ఉండి కూడా గోడవైపు తిరిగింది. నేను తలుపు వేసేశాను.

నాకొక కోరిక ఉంది. నువ్వు తెల్ల అంగీ వేసుకుని ప్రార్థన చదువుతుంటే ఒక్కసారి వినాలి. వీడి తండ్రి ఇతనేనట అని నలుగురూ అనుకుంటుంటే అదీ వినాలి. ఈ ముసలితనంలో అంతకంటే నాకు కావాల్సింది లేదు. వసంతంలో వస్తాను.

నీ తండ్రి
ఓబెద్ లార్టర్

*

పాదిరి బంగ్లా, లెడ్‌కోట్, హెర్ఫర్డ్
1868 ఫిబ్రవరి 21

పూజ్యులైన తండ్రిగారికి,

తమ ఉత్తరం చేరింది. తమ ఆరోగ్యం కుదురుగా ఉందని తెలిసి సంతోషించాను. ఇక్కడ చలి తీవ్రంగా ఉంది. రోగులను చూడడానికి రోజూ గుర్రం మీద తిరగవలసి వస్తోంది.

ముందుగా ఒక శుభవార్త. వెదర్లీగారి అమ్మాయి మిస్ హెస్టర్ నన్ను వివాహమాడడానికి అంగీకరించారు. వివాహం సెప్టెంబరులో. ఆమె సద్గుణాలు తమరు చూస్తే తప్ప తెలియవు.

వంశ వివరాలు పంపినందుకు కృతజ్ఞుణ్ణి. అయితే వాటిలో సందర్భానికి తగినవి మాత్రమే వెదర్లీగారికి విన్నవించాను. మన కుటుంబం తరతరాలుగా నార్ఫోక్‌లో ఇళ్ళకు సంబంధించినదని చెప్పాను. ఆయన దాన్ని ఎస్టేటు, అద్దెలు అన్న అర్థంలో తీసుకున్నట్టు తోచింది. అనువైన సమయంలో సరిచేస్తాను. నాయనమ్మగారి దుప్పటి సంగతి దయచేసి ఇంకెవరికీ రాయవద్దు.

తమ రాక విషయం. బంగ్లాలో అతిథుల గది పైకప్పు కారుతోంది. అది బాగయ్యాక తప్పక పిలుస్తాను.

తమ విధేయుడైన కుమారుడు
సైలస్ లార్టర్

*

హెసింగమ్
మార్చి 4

సైలస్‌కి,

పెళ్ళి కబురు విని పక్కింటి రూబెన్ ఫ్లాట్‌ని పిలిచి బీరు పోయించాను. "పాదిరిగారి అమ్మాయా! ఇక నువ్వు మాతో మాట్లాడవులే ఓబెద్" అన్నాడు. "ఇప్పుడు మాట్లాడుతున్నానుగా, తాగు" అన్నాను.

ఇళ్ళకు సంబంధించిన కుటుంబమా? బాగా అన్నావు. ఇళ్ళకి కాదురా, ఇళ్ళ నెత్తికి. ఆయన నవ్వి ఉంటాడు. ఎస్టేటు అనుకున్నాడని రాశావు గానీ అంత చదువుకున్నవాడు అలా అనుకుంటాడా? నీకు అలా తోచింది, అంతే. ఒకసారి గట్టిగా చెప్పేయి. చెప్పేస్తే అయిపోతుంది.

అతిథుల గది కారుతోందంటావా, నేను ఎన్ని గోదాముల్లో పడుకోలేదు? వంటింటి బల్ల కింద పడుకుంటాను. ఆ అమ్మాయికి ఏమిష్టమో రాయి. ఉత్త చేతులతో రాలేను కదా. ఇక్కడ పొగబెట్టిన చేపలు బాగుంటాయి. కానీ రైల్లో తెస్తే పెట్టెలో అందరూ దిగిపోతారు.

ఈస్టరుకి వస్తున్నాను.

నాన్న

*

లెడ్‌కోట్
ఏప్రిల్ 20

పూజ్యులైన తండ్రిగారికి,

ఈస్టరుకు ముందే రాయలేకపోయినందుకు మన్నించండి. ఊళ్ళో తట్టు వ్యాపించింది. వారంలో ముగ్గురు పసివాళ్ళకు నేనే సమాధి ప్రార్థన చదివాను. ఈ స్థితిలో తమ వయసువారిని రప్పించడం ఉచితం కాదని రావద్దని తంతి పంపాను.

వచ్చే నెలాఖరున పెంతెకొస్తు పండుగ ఆదివారానికి వెదర్లీగారూ మిస్ హెస్టరూ ఇక్కడికి వస్తున్నారు. అప్పుడు కూడా వీలుపడదు. వివాహం అయ్యాక, శరదృతువులో, అంతా నిలకడగా ఉన్నప్పుడు తమరు వచ్చి కొన్నాళ్ళు ఉంటే బాగుంటుందని నా అభిప్రాయం.

మిస్ హెస్టర్‌కు చేపలు ఇష్టమే. అయినా పంపవద్దు.

తమ విధేయుడు
సైలస్

*

హెసింగమ్
ఏప్రిల్ 29

సైలస్,

నేను మొద్దువాణ్ణే గానీ గుడ్డివాణ్ణి కాదు. ఫిబ్రవరిలో కప్పు కారింది. ఈస్టరుకి తట్టు వచ్చింది. పెంతెకొస్తుకి చుట్టాలు వస్తున్నారు. పెళ్ళయ్యాక రమ్మంటున్నావు. కొడుకు పెళ్ళికి తండ్రి పెళ్ళయ్యాక వస్తాడా? ఎక్కడైనా విన్నావా?

నువ్వు ఎనిమిదేళ్ళవాడిగా ఉన్నప్పుడు పెద్ద ఇంటి దొరసాని నీ చదువు విని, వీణ్ణి నాకిచ్చేయండి చదివిస్తాను అంది. మీ అమ్మ ఏడ్చింది. నేను ఏడవలేదు. ఇచ్చేశాను. అప్పుడు నిన్ను చదువుకోడానికి ఇచ్చాను, వదిలేసుకోలేదు.

నన్ను నీ పెద్దమనుషుల పక్కన కూర్చోబెట్టలేకపోతే చెప్పు. ముష్టివాళ్ళ బల్ల మీద కూర్చుంటాను. నోరు కూడా విప్పను. నువ్వెవరో నాకు తెలియదన్నట్టే ఉంటాను. అప్పుడు నీకు సుఖంగా ఉంటుందా?

నేను రాను. నిశ్చింతగా ఉండు.

ఓబెద్ లార్టర్

*

హెసింగమ్
జూన్ 4

రెవరెండ్ లార్టర్‌గారికి,

పెంతెకొస్తు ఆదివారం తమ చర్చిలో, అందరి ముందూ, తమ చేత్తో నా చేతిలో పెట్టిన బీదల రొట్టె ముట్టింది.

ఇక ఉత్తరాలు రాయనక్కరలేదు.

ఓ. లార్టర్

*

లెడ్‌కోట్
జూన్ 9

తండ్రిగారికి,

రాయవద్దన్నారు. అయినా రాస్తున్నాను. చదవకుండా పొయ్యిలో వెయ్యరని ఆశ.

ఎందుకు చేశారు నాన్నగారూ ఆ పని? నేను తమకు ఏం అపకారం చేశానని? నన్ను తిట్టడానికి వస్తే బంగ్లాకి వచ్చి తిట్టవలసింది. కాళ్ళ మీద పడి వినేవాణ్ణి. ముష్టివాళ్ళ బల్ల మీద కూర్చుంటానని ఉత్తరంలో బెదిరించారు. కోపంలో అన్నమాట అనుకున్నాను. కానీ పెంతెకొస్తు నాడు, వెదర్లీగారు ఉన్న రోజే ఏరి కోరి వచ్చి, ధర్మ రొట్టె తీసుకునే ముసలివాళ్ళ బల్ల మీద, వాళ్ళ మధ్యన కూర్చున్నారు.

ఆ బల్ల ఎవరిదో ఈ ఊళ్ళో పసివాడికి కూడా తెలుసు. దాని పైన గోడకు రొట్టెలు పెట్టే అర ఉంది. ఎప్పుడో చనిపోయిన ఒక దొరసాని పేరున, దిక్కులేని వృద్ధులకు ఆదివారం ఆరాధన తరవాత పాదిరి తన చేత్తో రొట్టెలు పంచాలి. నా వెనకే వెదర్లీగారూ హెస్టరూ ఉన్నారు. నేను ఒక్కొక్కరికీ ఇచ్చుకుంటూ వచ్చాను. తల ఎత్తితే తమరు. తమరు లేచి, టోపీ తీసి, నుదుటి జుట్టు పట్టుకుని నాకు వంగారు. నాకు! ఊళ్ళో కూలివాడు పాదిరికి వంగినట్టు. అంతకంటే ఘోరమైన వెక్కిరింత ఇంకేముంటుంది?

నా చెయ్యి అప్పటికే రొట్టెతో ముందుకు చాచి ఉంది. దాన్ని వెనక్కి తీసుకోవడం నాకు చేతకాలేదు. "దేవుడు మిమ్మల్ని దీవించుగాక" అన్నాను. పక్కకు జరిగాను. తరవాత ఏం జరిగిందో నాకు సరిగా గుర్తులేదు.

సాయంత్రం చర్చి పెద్ద పవెల్ చెప్పాడు. గుమ్మం బయట మిమ్మల్ని ఆపి, "ఏమయ్యా ముసలాయనా, ఈ ఊళ్ళో నీకెవరైనా ఉన్నారా?" అని అడిగాడట. "ఎవరూ లేరు" అన్నారట తమరు.

ఎవరూ లేరు. ఆ మాట తమ నోట వచ్చింది. నన్ను వదిలేశారన్నమాట. ఆ మాట వినే అర్హత నాకుంది. కానీ పవెల్ నోట వినవలసి వచ్చింది.

సైలస్

*

హెసింగమ్
జూన్ 17

సైలస్,

నీ ఉత్తరం పొయ్యిలో వేశాను. మళ్ళీ తీశాను. ఒక మూల కాలింది.

నువ్వు ఇంత చదువుకుని ఇంత తప్పుగా ఎలా చదివావురా నన్ను? విను, నేను చెప్పేది.

రానని రాశాక నా ఇంట్లో నాకు కాలు నిలవలేదు. రూబెన్ ఫ్లాట్ రోజూ "ఎప్పుడు బయల్దేరుతున్నావు?" అంటాడు. వాడికి ఏం చెప్పను? నా కొడుకు వద్దన్నాడని చెప్పనా? బయల్దేరాను. నీకు చెప్పకుండా వస్తే నువ్వు వద్దనలేవు. దూరంగా కూర్చుని విని, నీకు కనబడకుండానే వెళ్ళిపోదామనే వచ్చాను. ఒట్టు.

మీ చర్చి బెంచీలకి తలుపులు, ఆ తలుపుల మీద పేర్లు. ఎక్కడ కూర్చున్నా ఎవరి పేరు మీదో కూర్చోవాలి. అప్పటికే ఘంట ఆగిపోయింది. గుమ్మం పక్క బల్ల మీద నా వయసువాళ్ళు ఉన్నారు. ఒకడు కాళ్ళు దగ్గరికి తీసుకుని, "రావయ్యా, ఇక్కడ చోటుంది, నువ్వు నిలబడి ఉంటే పాదిరిగారు మొదలుపెట్టరు" అన్నాడు. కూర్చున్నాను. పేరు ప్రాసర్ అన్నాడు. మంచివాడు. పైన అర ఉందో లేదో నేను చూడలేదు. నేను నిన్ను చూస్తున్నాను.

నువ్వు బాగా చదివావు. గొంతు మీ అమ్మది. "ఏం గొంతురా ఈయనది!" అని ప్రాసర్ అంటే నా ఛాతీ చొక్కాలో పట్టలేదు.

అయిపోయాక జనం వెళ్ళిపోయారు. ఆ బల్ల మీదవాళ్ళు మాత్రం లేవలేదు. నేనూ లేవలేదు. ఎందుకంటే హెసింగమ్‌లో ముసలివాళ్ళు పాదిరి దాటేదాకా కూర్చోవాలి. ఆయన వచ్చినప్పుడు లేచి వంగాలి. నువ్వు పుట్టిన ఊరే కదా, మరిచిపోయావా? ఇక్కడా అంతే అనుకున్నాను. కనబడకుండా వెళ్ళాలన్నది అప్పుడు మరిచిపోయాను. నా కొడుక్కి నేనూ అందరిలాగే లేచి వంగితే ఎలా ఉంటుందో చూద్దామనిపించింది. వెక్కిరింత కాదురా. నా జన్మలో ఎవరికీ ఇష్టంగా వంగలేదు. నీకు ఇష్టంగా వంగాను.

నువ్వు రొట్టె పెట్టావు.

అప్పుడు తెలిసింది నాకు, నేను ఎవరి బల్ల మీద ఉన్నానో. విసిరికొడదామంటే అది దేవుడి రొట్టె. తిరిగి ఇద్దామంటే నువ్వు అప్పటికే పక్కవాడి దగ్గరున్నావు. నీ వెనక ఒక అమ్మాయి నన్నే చూస్తోంది. ఆవిడే హెస్టర్ అని నాకప్పుడే తెలిసింది. చూడకూడనిది చూసినట్టు ఉంది ఆ ముఖం.

బయట ఆ పవెల్ అడిగాడు నీకెవరైనా ఉన్నారా అని. ఉన్నాడు, ఇదిగో ఈ రొట్టె పెట్టినవాడే అని చెప్పనా? చెబితే నువ్వేమవుతావు? ఎవరూ లేరన్నాను. నీకోసం అన్నాను. నువ్వు దాన్ని తిప్పి నా మీదే పెట్టావు.

ఇంకొకటి కూడా చెప్పాలి. చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఆ రొట్టె వూస్టర్ స్టేషన్‌లో తినేశాను. రైలు చాలాసేపటికి గానీ రాదన్నారు. ఆకలి ఆగలేదు. కోటు కింద దాచుకుని, దొంగలాగా తుంచుకుని తిన్నాను. మీ అమ్మ చావబోతూ కూడా వద్దని గోడవైపు తిరిగిన రొట్టె అది. సిగ్గుపడాలంటే పవెల్ దగ్గర కాదు, అక్కడ సిగ్గుపడ్డాను. ఆ పైన, అది మంచి రొట్టె కూడా.

నాన్న

*

లెడ్‌కోట్
జూన్ 30

నాన్నా,

మీ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఏం రాయాలో తెలియక ఇన్నాళ్ళు రాయలేదు. ఇప్పుడు రాయకపోతే ఇంకెప్పుడూ రాయలేను. అందుకని అలంకారాలు లేకుండా రాస్తున్నాను. మధ్యలో చదవడం ఆపకండి.

మీ ఉత్తరం వచ్చాక వచ్చిన ఆదివారం. ఆరాధన అయ్యాక రొట్టెలు పంచుతున్నాను. ప్రాసర్ దగ్గరికి వచ్చాను. రొట్టె తీసుకుంటూ, మామూలుగా వాతావరణం గురించి అడిగినట్టు అడిగాడు.

"మీ నాన్నగారు క్షేమంగా ఇల్లు చేరారా అయ్యగారూ?"

నేను అన్నాను, "ఏ నాన్న?"

అన్నాను నాన్నా. ఆ మాటే అన్నాను. మీ ఉత్తరం ఛాతీ మీది జేబులో ఉండగా అన్నాను. ప్రాసర్ నా వంక చూసి, "పోనీలెండి, వయసు మీద పడింది, నేనే ఏదో పొరపాటు పడ్డాను" అని నన్ను కాపాడాడు. పక్కనున్న ముసలామె మాత్రం ఊరుకోలేదు. "ఏం పొరపాటు, ఎడం భుజం ముందుకి పెట్టి నడవడం ఇద్దరిదీ ఒక్కటే. లోపలికి వచ్చినప్పుడే చెప్పానుగా నీకు, చోటివ్వు అని" అంది. "నోరు ముయ్యవే" అన్నాడు ప్రాసర్. వాళ్ళకు మొదటినించీ తెలుసు. మీరు నా తండ్రి అని తెలిసే చోటిచ్చారు. నేను రొట్టెతో వస్తుంటే ఏం చేస్తానో చూశారు. చూసి, ఈ ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. నాకోసం దాచారు.

ఆ రోజే హెస్టర్ దగ్గరికి గుర్రమెక్కి వెళ్ళాను. ఆ పెంతెకొస్తు సాయంత్రం భోజనాల దగ్గర ఆమె అడిగింది, "లేచి మీకు వంగిన ఆ ముసలాయన ఎవరు? ఆయన్ని చూసి మీరు తడబడ్డారు" అని. ఎవరో దారినపోయేవాడు అన్నాను. ఆ అబద్ధం చెప్పిన సంగతీ ఇప్పుడు ఒప్పుకున్నాను. మన ఇల్లు, రెల్లు, నాయనమ్మ దుప్పటి, అన్నీ చెప్పాను. వెదర్లీగారు అంతా విని, "ఇందులో కంగారు పడాల్సిందేముంది? ముసలాయనకు ఏడాదికింతని ఏర్పాటు చేసి నార్ఫోక్‌లోనే ప్రశాంతంగా ఉంచితే సరి" అన్నారు. ఆయనకు అది అంత తేలిక.

హెస్టర్ లేచింది. "మీ నాన్న కప్పులు వేసేవాడని నాకు బాధ లేదు సైలస్. ఆయనకు మీరు రొట్టె ఇచ్చారు. నేను మీ వెనకే నిలబడి చూశాను. రేపు నన్నెవరైనా ఎవరని అడిగితే మీరేమంటారో నాకు తెలియదు" అంది. ఉంగరం తిరిగి ఇవ్వలేదు. పెళ్ళి తేదీ మాట్లాడవద్దంది.

నేను ఇప్పుడేం చెయ్యాలి నాన్నా? ఈ ఊరు వదిలేస్తాను. బిషప్‌కి రాజీనామా రాసి బల్ల మీద పెట్టాను. పంపలేదు. మీరు హెస్టర్‌కి ఒక్క మాట రాస్తే ఆమె వింటుంది. ఆమెకు మీ మీద గౌరవం. ప్రసంగ వేదిక మీద నిలబడి అందరికీ ఒప్పుకోమంటే ఒప్పుకుంటాను. ఆ ప్రసంగం రాయడం మొదలుపెట్టాను. రెండు పేజీలు వచ్చాయి. చదివితే చాలా బాగుంది. అందుకే చించేశాను.

సైలస్

*

హెసింగమ్
జూలై 8

ఒరేయ్ సైలస్,

చించి మంచి పని చేశావు.

ఆ అమ్మాయికి నేను ఒక్క మాట కూడా రాయను. ఆవిడ అన్నది నిజం. నిజం అన్నవాళ్ళని బతిమాలడం నాకు రాదు. ఆ పెద్దాయన ఏడాదికింత ఇస్తానన్నాడా? ఆయన చూసే సమాధుల్లో ఏదో ఒకటి ఖాళీగా ఉంటే అందులో పెట్టుకోమను.

రాజీనామా ఎందుకు? అక్కడినుంచి వెళ్ళిపోతే ఇంకో ఊరు. అక్కడా ఆదివారం వస్తుంది. అక్కడా నాకు కాళ్ళున్నాయి, వస్తాను. ఎన్ని ఊళ్ళు మారుస్తావు?

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఏ నాన్న అన్నావన్న చోట ఆగిపోయాను. పెంతెకొస్తునాడు నీకు వెనక పెద్దవాళ్ళున్నారు, కంగారు పడ్డావు అనుకోవచ్చు. ఈసారి వెనక ఎవరున్నారు? ప్రాసర్ ముందు కూడా సిగ్గుపడ్డావంటే ఇక నేను చేసేదేముంది అని రెల్లు కోసే కత్తి పట్టుకుని పనికి పోయాను. రూబెన్ కొట్టం మీద కప్పు వేస్తూ పొద్దుగూకేదాకా పైనే ఉన్నాను. దిగబుద్ధి కాలేదు. దిగాక అనిపించింది, నేను కూడా అన్నాను కదా, ఎవరూ లేరని. నీకోసమే అన్నానని గొప్పగా రాశాను నీకు. కొంత నాకోసం కూడా అన్నాను. ధర్మ రొట్టె పట్టుకున్న ముసలాణ్ణి పాదిరికి తండ్రినని ఎలా చెప్పను? నాకు సిగ్గేసింది. నీ సిగ్గు నాదగ్గరి నుంచే వచ్చిందేమో, భుజం వచ్చినట్టు.

కాబట్టి విను. జూలై పంతొమ్మిది ఆదివారం. వస్తున్నాను. ఈసారి చెప్పి వస్తున్నాను. స్టేషన్‌కి బండి పంపకు. ముందు బెంచీలో కూర్చోబెట్టకు. ఆ గుమ్మం పక్క బల్ల మీదే కూర్చుంటాను, ప్రాసర్ పక్కన. నువ్వు ప్రసంగంలో నా గురించి ఒక్క ముక్క ఎత్తినా లేచి వెళ్ళిపోతాను. ఆరాధన అయ్యాక రొట్టెలు తీసుకుని మామూలుగా రా. అందరికీ ఇచ్చుకుంటూ రా. నా దగ్గరికి వచ్చేసరికి ఆగు. రొట్టె ఇవ్వకు. నేనెవరో పైకి చెప్పు, కీర్తన సంఖ్య చెప్పే గొంతుతో చెప్పు. చెప్పి, రొట్టె పక్కవాడికి ఇవ్వు. వాడికి కావాలి.

అంతకంటే ఏమీ అక్కర్లేదు. చెప్పలేనంటే ఇప్పుడే రాసెయ్. టిక్కెట్టు డబ్బులు మిగులుతాయి.

నాన్న

*

లెడ్‌కోట్
జూలై 12

నాన్నా,

చెప్పలేనేమోనని భయం. రండి.

సైలస్

*

హెసింగమ్
జూలై 24

సైలస్‌కి,

క్షేమంగా చేరాను. నువ్వు కట్టిచ్చిన జున్నూ పందిమాంసమూ దారిలో తిన్నాను. నీ ఆపిల్ సారా సీసా పీటర్‌బరోలో పెట్టె కుదుపుకి పగిలింది. పక్కనున్న ఆవిడ పాదాలు తడిశాయి. తిట్టింది. తిట్టించుకున్నాను.

నిన్న రూబెన్ వచ్చి "ఎలా జరిగింది?" అన్నాడు. "జరిగింది" అన్నాను. "ఏం జరిగింది?" అన్నాడు. చెప్పలేదు. నీకు రాయాలనిపించింది. ఎందుకంటే అక్కడున్న మూడు రోజులూ నువ్వూ నేనూ ఆ మాట ఎత్తలేదు. వాన గురించి, పవెల్ ఆవుల గురించి మాట్లాడుకున్నాం.

నువ్వు వస్తుంటే చూశాను. ముఖం గోడలా ఉంది. నలుగురికి ఇచ్చావు. నా ముందు ఆగావు. నీ చెయ్యి రొట్టె మీదికి పోయింది. అప్పుడనుకున్నాను, వీడు ఇవ్వబోతున్నాడు, మళ్ళీ ఇవ్వబోతున్నాడు అని. నా చేతులు తొడల కింద పెట్టుకున్నాను, అలవాటున చాచి తీసుకుంటానేమోనని.

నువ్వు అన్నావు, "ఈయన మా నాన్న. ఓబెద్ లార్టర్. కప్పులు వేస్తాడు."

కీర్తన గొంతుతో చెప్పమన్నాను. కోడిపిల్ల గొంతుతో చెప్పావు. పవెల్ గుమ్మం దగ్గర ఆగిపోయాడు. వెళ్ళిపోతున్న జనం వెనక్కి తిరిగారు. అప్పుడు ప్రాసర్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏమన్నారు అయ్యగారూ? నాకు వినబడలేదు" అన్నాడు. ఆ దొంగ ముసలాడికి చెవుడు లేదు. పిల్లి అడుగు కూడా వింటాడు. నువ్వు మళ్ళీ చెప్పావు. ఈసారి చర్చి పైకప్పు దాకా వినబడింది.

"ఆ, అదీ" అన్నాడు ప్రాసర్, రొట్టె తీసుకున్నాడు.

ఆ హెస్టర్ వచ్చింది, చూశావుగా. వెనక బెంచీలో ఒక్కతే కూర్చుంది. బయట నా దగ్గరికి వచ్చి చెయ్యి కలిపింది. చేతి తొడుగు తీసి మరీ కలిపింది. "నార్ఫోక్‌లో రెల్లు ఎప్పుడు కోస్తారు?" అంది. "చలికాలంలో" అన్నాను. "చూడాలని ఉంది" అంది. నీ గురించి ఆవిడ అడగలేదు. నేనూ చెప్పలేదు. అది మీ ఇద్దరి పని. నన్ను మధ్యలోకి లాగకు.

ఇప్పుడు అసలు సంగతి. ఇన్నాళ్ళూ నేను కోరుకున్నది అదే కదా, నలుగురి ముందూ నా కొడుకు నన్ను తండ్రి అనడం. అన్నావు. రెండుసార్లు అన్నావు. అనగానే అందరూ నా వైపు తిరిగారు. నా బూట్లు చూశారు. చేతుల మీది కోతలు చూశారు. నాకు సిగ్గుతో ఒళ్ళంతా మండింది. ఆ బల్ల కిందికి దూరితే బాగుండుననిపించింది. నువ్వు తల ఎత్తి నిలబడి ఉన్నావు. నేను దించేశాను. ఎందుకు దించానో తెలియదు. నువ్వు తెచ్చుకున్న ధైర్యాన్ని నేను పాడుచేశానేమో. నువ్వేమనుకున్నావో అడగలేకపోయాను. అందుకే ఆవుల గురించి మాట్లాడాను.

తండ్రిననిపించుకోవడం ఇంత బరువుగా ఉంటుందని నాకు తెలియదురా. మోయడం అలవాటు చేసుకోవాలి.

పెళ్ళి ఉన్నా లేకపోయినా సెప్టెంబరులో మళ్ళీ వస్తాను. ఈసారి తల దించను.

నాన్న